బ్యాకప్ డిస్క్ అక్కవాళ్లింట్లోనా, క్లౌడ్‌లోనా: ఏది మేలు?

2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌ నగర్‌ను ముంచేసింది. వీధుల్లో పడవలు తిరిగాయి, కింది అంతస్తుల్లో ఉన్నవన్నీ నీళ్లపాలయ్యాయి. అలాంటి చోట కంప్యూటర్ టేబుల్ మీద, బ్యాకప్ హార్డ్‌డిస్క్ దాని పక్క బీరువాలో ఉంటే రెండూ ఒకేసారి పోతాయి. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి ఇందుకే: మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజీ, ఒక కాపీ మాత్రం వేరే చోట. ఆ మూడోది ఎక్కడ పెట్టాలన్న దగ్గరే అందరూ ఆగిపోతారు.

నెలకు ఎంత ఖర్చన్నది చాలామంది మొదట చూస్తారు. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. డేటా పోయిన రోజున అది ఎన్ని గంటల్లో, ఎంత ఖర్చుతో తిరిగి చేతికొస్తుందో ముందు లెక్క వేయాలి. పెళ్లిళ్లు తీసే ఒక చిన్న స్టూడియోను ఉదాహరణగా తీసుకుందాం. కెమెరా తీసింది తీసినట్టే ఉండే పెద్ద ‘రా’ ఫొటోలు, వీడియోలు కలిపి 4 టీబీ (సుమారు నాలుగు వేల జీబీ) ఉన్నాయనుకుందాం.

క్లౌడ్ అంటే ముందు గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ గుర్తొస్తాయి. రోజువారీ పనికి అవి మంచివే, కానీ అవి చేసేది ప్రధానంగా సింక్. ఇక్కడ ఫైల్ డిలీట్ అయితే అక్కడా డిలీట్ అవుతుంది. గూగుల్ డ్రైవ్ బిన్‌లో 30 రోజులుంటుంది, ఆ తర్వాత ఉండదు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్, అంటే రాన్సమ్‌వేర్, ఫైళ్లను లాక్ చేస్తే, లాకైన ఫైళ్లే పైకి వెళ్తాయి. 2017 మేలో వనాక్రై అనే రాన్సమ్‌వేర్ దాడిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా చిక్కుకున్నాయి, కాబట్టి ఇది మన దాకా రాని సంగతి కాదు. సింక్‌ను మూడో కాపీగా లెక్కపెట్టొద్దనే చెబుతాను.

బ్యాక్‌బ్లేజ్ లాంటి అసలైన బ్యాకప్ సర్వీసుల సంగతి వేరు. ఏడాదికి 99 డాలర్లకు ఒక కంప్యూటర్‌లో ఎంత డేటా ఉన్నా తీసుకుంటామంటుంది. కానీ విండోస్, మ్యాక్‌లకే పనిచేస్తుంది, నాస్ బాక్సులను (ఆఫీసు నెట్‌వర్క్‌కు తగిలించే స్టోరేజీ పెట్టెలను) తీసుకోదు. మామూలు సెట్టింగ్‌లో ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను 30 రోజులకోసారైనా కంప్యూటర్‌కు తగిలించకపోతే దాని బ్యాకప్ తీసేస్తుంది. పాత పెళ్లిళ్ల డిస్కులు అరల్లో వరసగా పేర్చుకునే స్టూడియోకు ఈ ఒక్క నిబంధనతోనే అది కుదరదు. డేటా అంతా ఒకే కంప్యూటర్‌లో ఉన్నవాళ్లకు మాత్రం దీనికంటే తేలికైన దారి నాకు కనబడలేదు.

ఇక అరుదుగా ముట్టే ఫైళ్లను దాచే అమెజాన్ క్లౌడ్ సర్వీసు గ్లేసియర్ డీప్ ఆర్కైవ్. అమెరికా రీజియన్లలో (అమెజాన్ డేటా సెంటర్లున్న ప్రాంతాల్లో) టీబీకి నెలకు దాదాపు ఒక డాలర్, అంటే 4 టీబీకి నాలుగు డాలర్లు. చవక అనిపిస్తుంది. ఇప్పుడు తిరిగి తెచ్చుకునే రోజు లెక్క చూడండి. అడిగిన డేటా సిద్ధం కావడానికి 12 గంటల దాకా, తక్కువ ఖర్చు పద్ధతి ఎంచుకుంటే 48 గంటల దాకా పడుతుంది. దించుకోవడానికి జీబీకి 9 సెంట్లు. 4 టీబీకి అది సుమారు 350 డాలర్లు, మన డబ్బులో ముప్పై వేలకు తక్కువ కాదు. పైగా పెట్టిన ఫైల్‌ను 180 రోజుల్లోపు తీసేసినా ఆ 180 రోజుల డబ్బు కట్టాల్సిందే. ఎప్పుడో గాని ముట్టని ఆర్కైవ్‌కు ఇది బాగుంటుంది. వచ్చే వారం ఆల్బమ్ ఇవ్వాల్సిన పెళ్లి ఫొటోలకు కాదు. బ్యాక్‌బ్లేజ్ వాళ్లదే బీ2 అనే క్లౌడ్ స్టోరేజీ అయితే 2025లో టీబీకి నెలకు ఆరు డాలర్లు, దాచినదానికి మూడింతల వరకు దించుకోవడం ఉచితం, ఆగాల్సిన పనీ లేదు. కానీ 4 టీబీకి నెలకు రెండు వేల రూపాయలు దాటుతుంది. ఏడాది బిల్లు 4 టీబీ హార్డ్‌డిస్కులు రెండు కొనేంత అవుతుంది.

వీటన్నిటికీ ముందు అప్‌లోడ్ సంగతి చూసుకోవాలి. 100 ఎంబీపీఎస్ లైన్ పూర్తి వేగంతో ఆగకుండా పనిచేసినా 4 టీబీ ఎక్కడానికి దాదాపు నాలుగు రోజులు. నిజంగా వచ్చే వేగం 40 అయితే 500 జీబీ ఉన్న ఒక్క పెళ్లికే 28 గంటలు కావాలి. జియోఫైబర్ లాంటి కనెక్షన్లలో నెలకు 3,300 జీబీ పరిమితి ఉంటుంది, అప్‌లోడ్ కూడా అందులోనే. 4 టీబీ ఒకే నెలలో ఎక్కించబోతే అది దాటిపోతుంది. అలాగని సైజు ఎక్కువని బ్యాకప్ మానేస్తే ఏమవుతుందో 2025 సెప్టెంబర్‌లో దక్షిణ కొరియా చూసింది. దేజాన్‌లోని ప్రభుత్వ డేటా సెంటర్ తగలబడి, ఉద్యోగులు వాడే జీ-డ్రైవ్ అనే ప్రభుత్వ క్లౌడ్‌లోని 858 టీబీ పోయింది. అంత పెద్దదానికి బయట బ్యాకప్ పెట్టలేదన్నారు.

అందుకే స్టూడియోకు నా ఓటు డిస్క్‌కే. రెండు హార్డ్‌డిస్కులు కొని, ఒకటి స్టూడియోలో, ఒకటి హైదరాబాద్‌లో అక్కవాళ్లింట్లో పెట్టాలి. ఎవరు ఊరెళ్లినా కొత్తది ఇచ్చి పాతది తెచ్చుకోవాలి. ఏ కంప్యూటర్‌కూ తగిలించని డిస్క్‌ను రాన్సమ్‌వేర్ అందుకోలేదు, తిరిగి తెచ్చుకోవడానికి ఒక రాత్రి బస్సు చాలు. అయితే చోటు జాగ్రత్తగా ఎంచుకోవాలి. పక్క వీధిలోని స్నేహితుడి ఇల్లు అదే వరదలో మునుగుతుంది. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఒక కొస నుంచి ఇంకో కొస దాకా దెబ్బతింది. కాబట్టి ఊరు మారాలి, కోస్తాలో ఉన్నవాళ్లయితే తీరానికి దూరంగా ఉండే ఊరు చూసుకోవాలి.

డిస్క్‌ను యాంటీస్టాటిక్ కవర్‌లో వేసి, సిలికా జెల్ ప్యాకెట్ పెట్టి, మీద తేదీ రాయండి. బస్సులో డిక్కీలో వేయకుండా చేతి సంచిలోనే పెట్టుకోండి. ఇలా కరెంటు లేకుండా నెలల తరబడి పడి ఉండే కాపీకి ఎస్ఎస్‌డీ (చిప్పుల్లో డేటా దాచే డిస్క్) వద్దు. బాగా వాడిన ఎస్ఎస్‌డీలో ఛార్జ్ మెల్లగా తగ్గి డేటా చెడిపోవచ్చు. బిట్‌లాకర్ అనే ప్రోగ్రామ్‌తోనో వెరాక్రిప్ట్‌తోనో డిస్క్‌కు పాస్‌వర్డ్ తాళం వేయడం తప్పనిసరి. అందులో ఉన్నవి వేరేవాళ్ల ఇంటి ఆడపిల్లల ఫొటోలు.

బ్యాంక్ లాకర్ గురించీ అడుగుతుంటారు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం లాంటివి జరిగితే బ్యాంకు ఏడాది అద్దెకు వంద రెట్ల దాకా ఇవ్వాలి. వరద, భూకంపం లాంటి వాటికి ఆ బాధ్యత లేదు. ఆదివారం తెరవరు, రాత్రి తెరవరు. ఆస్తి కాగితాలతో పాటు ఏడాదికోసారి ఒక డిస్క్ పెట్టుకోవచ్చేమో గాని నెలనెలా మార్చుకునే కాపీకి పనికిరాదు.

ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసుకైతే ఇదే లెక్క తిరగబడుతుంది. టాలీ అకౌంట్ల డేటా, స్కాన్ చేసిన కాగితాలు కలిపితే 20 జీబీ ఉంటుందేమో. కానీ అది రోజూ మారుతుంది, నెల కిందటి డిస్క్ జీఎస్‌టీ రిటర్న్ రోజున ఎందుకూ ఉపయోగపడదు. వాళ్లకు క్లౌడే మేలు. రెస్టిక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో మన దగ్గరే ఎన్‌క్రిప్ట్ చేసి (అంటే పాస్‌వర్డ్ లేనిదే చదవలేకుండా మార్చి), పాత వెర్షన్లతో సహా రోజూ రాత్రి బీ2కు పంపితే నెలకు పది పన్నెండు రూపాయల పని. డేటా మన దేశంలోనే ఉండాలనుకుంటే అమెజాన్‌కు ముంబైలో, 2022 నుంచి హైదరాబాద్‌లో కూడా రీజియన్ ఉంది. సర్వర్ ఒక కంపెనీ దగ్గర అద్దెకు తీసుకున్నవాళ్లు బ్యాకప్‌ను అదే కంపెనీ అదే ప్రాంగణంలో ఉంచొద్దు. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే సర్వర్ల కంపెనీ డేటా సెంటర్ కాలినప్పుడు కొందరికి సర్వర్, బ్యాకప్ రెండూ పోయాయి.

విదేశీ సర్వీసుకు వీలైతే ఏడాది డబ్బు ఒకేసారి కట్టండి. 2021 అక్టోబర్‌లో ఆటోపే నిబంధనలు మారాక మన కార్డుల మీద నెలవారీ విదేశీ చెల్లింపులు ఆగిపోవడం మామూలైంది. రెండు మూడు నెలలు బిల్లు కట్టకపోతే ఖాతాలోని డేటా తీసేసే ప్రమాదం ఉంది. డిస్క్ అయినా క్లౌడ్ అయినా, మూడు నెలలకోసారి ఒక ఫోల్డర్‌ను వేరే కంప్యూటర్‌లోకి తెచ్చి తెరిచి చూడండి. పాస్‌వర్డ్, రికవరీ కీ కాగితం మీద రాసి ఇంట్లో ఒకరికి ఇవ్వండి, డిస్క్ ఉన్న సంచిలో మాత్రం పెట్టొద్దు.