కంటి బిళ్లల సీసా, పొన్నగంటి కట్ట

నాకు 64 ఏళ్లు. మొన్న జనవరిలో విజయవాడలోనే ఒక మందుల షాపులో కొన్న కంటి క్యాప్సూళ్ల గురించి ఈ రివ్యూ. కంపెనీ పేరు, షాపు పేరు రాయను. తొందరపడి కొన్నది నేనే కదా.

శుక్లాలేమో అని చూపించుకోబోతే, డాక్టరమ్మ చుక్కల మందు వేసి రెటీనా (కంటి లోపలి వెనక పొర) మధ్యలో సన్నటి పసుపు చుక్కలు మొదలయ్యాయన్నారు, వయసుతో వచ్చే రెటీనా జబ్బుకు ఇది తొలిదశట. ఇప్పుడే మందులు అక్కర్లేదు, ఆకుకూరలు బాగా తినండి, ఏడాదికోసారి రండి అన్నారు. చేతిలో ఒక గళ్ల కాగితం పెట్టారు. ఒక్కో కన్నూ మూసుకుని చూడాలట, గీతలు వంకరగా కనిపిస్తే వెంటనే రావాలట. ఈమాత్రం చెప్పడానికా ఇంత ఫీజు అనుకుంటూ బయటపడ్డాను. షాపులో కుర్రాడు "అమెరికా ఫార్ములా ఆంటీ, ఇది వాడండి" అన్నాడు. 60 క్యాప్సూళ్లు, 1,150 రూపాయలు.

ఎనిమిది మింగాక భూతద్దంతో లేబుల్ చదివితే లుటీన్ (ఆకుకూరల్లో ఉండే, కంటికి పనికొచ్చే పసుపు పదార్థం) 5 మిల్లీగ్రాములే. అమెరికా నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఈ జబ్బుకని 2013లో తేల్చిన ఫార్ములాలో లుటీన్ 10, అలాంటిదే అయిన జియాజాంథిన్ 2 మిల్లీగ్రాములు ఉంటాయని మా అబ్బాయి ఫోన్లో చూసి చెప్పాడు. నా సీసా మీద జియాజాంథిన్ పేరుంది, అంకె లేదు. పైగా బీటా కెరోటిన్ ఉంది. సిగరెట్లు తాగేవాళ్లకు, తాగి మానేసినవాళ్లకు దానివల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని వాళ్లు తీసేసిందే అది! పాతికేళ్లు కాల్చి మానేసిన మా ఆయనకూ రోజుకొకటి ఇద్దామనుకున్నాను, నయం. అసలు ఫార్ములా అయినా జబ్బు మధ్యదశలో ఉన్నవాళ్లకే, ముదరకుండా కొంత ఆపుతుందట. నాలా ఇప్పుడిప్పుడే మొదలైనవాళ్లకు లాభం కనిపించలేదట.

ఇక పటమట రైతు బజారే దిక్కయింది. పొన్నగంటి కట్ట 10 రూపాయలు. పొన్నగంటిని మా అమ్మ 'పోయిన కంటి కూర' అనేది. పోయిన కన్ను ఏ కూరతోనూ రాదు గానీ, ఆకుకూరల్లో ఉండే లుటీనే రెటీనా మధ్యలోనూ ఉంటుందని తెలిశాక అమ్మ మాట కొట్టిపారేయబుద్ధి కాలేదు. కణుపు దగ్గర టప్పున విరిగితే లేత, పీచు సాగితే ముదురు. ఆకు దూసి, ఇసుక పోయేదాకా మూడు నీళ్లు కడగాలి. రెండు చెంచాల నూనెలో వెల్లుల్లి, ఎండుమిర్చి వేయించి, నానిన పెసరపప్పు పలుకుగా ఉండగానే ఆకు వేస్తాను. నూనె మానేసి ఉత్తినే ఉడకబెడితే లుటీన్ ఒంటికి సరిగా పట్టదు. కోడిగుడ్డు పచ్చసొనలోనూ ఉంది, అందుకే వారానికి మూడు గుడ్లు. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వేసుకునే మా వదినకు మాత్రం డాక్టర్ని అడక్కుండా ఆకుకూరలు ఒక్కసారిగా పెంచొద్దని చెప్పాను, వాటివల్ల ఆ మందు పని తగ్గొచ్చు.

"ఇవాళ కూడా గడ్డేనా?" అంటారు మా ఆయన. అంటూనే రెండోసారి వడ్డించుకుంటారు.

అద్దాల నంబరేమీ తగ్గలేదు, తగ్గదని డాక్టరమ్మ ముందే అన్నారు. ఫ్రిజ్ తలుపు మీది గళ్ల కాగితంలో గీతలు ఇంకా తిన్నగానే ఉన్నాయి. సీసాలో 52 మిగిలాయి, మూత తీశాం కాబట్టి షాపువాళ్లు వెనక్కి తీసుకోలేదు. బజారుకు మాత్రం ఏడు లోపే వెళ్లండి. నిన్న నేను పదింటికి వెళ్తే "పొన్నగంటి ఎప్పుడో అయిపోయింది పిన్నిగారూ" అంది కూరల అమ్మాయి. తోటకూరతో సరిపెట్టుకున్నాం.