ట్రెస్టల్ బల్లా, నాలుగు కాళ్ల బల్లా: చిన్న ఇంటికి ఏది మేలు?

నేను బట్టలు కత్తిరించుకునే బల్ల చూసినవాళ్లంతా ఒకటే అడుగుతారు: "మామూలు టేబులే కొనుక్కోవచ్చుగా, ఈ పలకా రెండు స్టాండ్లూ ఎందుకు?" ఇలా విడి స్టాండ్ల మీద పలక పెట్టుకునేదే ట్రెస్టల్ బల్ల. పోయిన నెలే నాలుగు కాళ్ల బల్ల అమ్మేసి దీనికి మారాను కాబట్టి నా లెక్క చెబుతాను.

గట్టిదనంలో నాలుగు కాళ్లదే పైచేయి. కింద చట్రం బిగించి ఉంటుంది కాబట్టి ఎటు నెట్టినా కదలదు, సొరుగులూ పెట్టించుకోవచ్చు. ట్రెస్టల్ బల్ల వెడల్పు వైపు బాగానే నిలుస్తుంది, పొడవు వైపు నెడితే ఊగుతుంది. స్టాండ్లను కలుపుతూ అడ్డకర్ర వేసి చీల కొడితే ఆ ఊపు చాలావరకు పోతుంది. స్టాండ్లు మరీ చివర్లో పెడితే పలక నడుమ వంగుతుంది, మరీ లోపలికి జరిపితే ఒక చివర మోచేయి ఆనించగానే రెండోది లేస్తుంది. నా ఆరడుగుల పలకకి రెండు వైపులా అడుగు పైచిలుకు వదిలాను.

అయితే నేను చూసుకున్నది గట్టిదనం కాదు, పని అయ్యాక ఆ జాగా సంగతి. రాత్రికి ఆ గదిలోనే పరుపులు వేసుకోవాలి. మధ్యయుగాల ఇంగ్లండ్‌లో ప్రభువుల ఇళ్లలోనూ ఇదే అవస్థ. పెద్ద హాల్లోనే అందరి భోజనాలు. తిన్నాక పలకలూ స్టాండ్లూ గోడవారకు చేరేవి, రాత్రికి పనివాళ్లు అక్కడే పడుకునేవారు. కెంట్‌లో 1341లో కట్టిన పెన్స్‌హర్స్ట్ ప్లేస్ అనే భవంతి హాల్లో 15వ శతాబ్దపు ట్రెస్టల్ బల్లలు ఇప్పటికీ ఉన్నాయి. కదపకుండా ఒకచోటే ఉంచే బల్లను అప్పట్లో 'డార్మెంట్', అంటే నిద్రపోయే బల్ల అనేవారు. అది కలిగినవాళ్ల దర్పం. బల్ల నిద్రపోవాలంటే మనుషులు పడుకోవడానికి వేరే చోటుండాలి మరి!

ఆ పలకనే ఇంగ్లీషులో బోర్డు అనేవారు, దాని మీద వడ్డించే తిండికీ ఆ పేరే వచ్చింది. మన బస్టాండ్ల పక్కన కనిపించే 'బోర్డింగ్ అండ్ లాడ్జింగ్'లో బోర్డింగ్ అదే. పెళ్లిళ్లలో ఇనప స్టాండ్ల మీద పలకలు పేర్చి, పైన కాగితం పరిచే వరసలూ ఆ జాతివే. ఆఖరి బంతి లేవడం ఆలస్యం, టెంట్‌హౌస్ వాళ్లు వాటిని బండికెక్కించేస్తారు.

మడిచే ప్లాస్టిక్ టేబుల్ తేలిక, చవక. దాని మీద ఇస్త్రీ పెట్టె మాత్రం పెట్టలేం. గోడకి బిగించేదైతే అద్దె ఇంట్లో ఓనర్‌తో గొడవ.

కుట్టు మిషన్ కూడా బల్ల మీదే పెట్టేవాళ్లు మాత్రం నాలుగు కాళ్లదే తీసుకోండి, ఆ అదురుకి ట్రెస్టల్ తట్టుకోలేదు. నా మిషన్‌కి దాని స్టాండు దానికుంది. రాత్రి తొమ్మిదయ్యేసరికి నా పలక బీరువా వెనక్కి, స్టాండ్లు మంచం కిందకి.