శామ్‌సంగ్ 870 ఈవో: ఎడిటింగ్ టేబుల్‌కు మంచిది, బీరువాకు కాదు

నల్లగొండలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే మా స్టూడియోలో, పాత కంప్యూటర్‌లోని హార్డ్ డిస్క్ స్థానంలో శామ్‌సంగ్ 870 ఈవో ఒక టెరాబైట్ ఎస్ఎస్‌డీని (ఫ్లాష్ మెమరీ చిప్‌లలో సమాచారాన్ని దాచే డ్రైవ్) బిగించి వాడుతున్నాం. ఈ మోడల్ 2021లోనే మార్కెట్‌లోకి వచ్చింది. ఇప్పుడు దీనికంటే ఎన్నో రెట్లు వేగవంతమైన ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు దొరుకుతున్నా, వాటిని బిగించే ఎం.2 స్లాట్ లేని మా మదర్‌బోర్డుకు, హార్డ్ డిస్క్‌లాగే సాటా కేబుల్‌తో పనిచేసే ఇటువంటి డ్రైవే సరిపోతుంది.

చదవడానికి సెకనుకు 560, రాయడానికి 530 మెగాబైట్ల వరకు వేగం ఉంటుందని కంపెనీ చెబుతోంది. సాటా కేబుల్ గుండా అంతకు మించి పెద్దగా పోదు కూడా. అయితే మా పనిలో అసలు తేడా ఈ అంకెల వల్ల వచ్చింది కాదు. రెండు మూడు కెమెరాల క్లిప్పులను ఒకేసారి టైమ్‌లైన్‌పై పెట్టినప్పుడు, హార్డ్ డిస్క్ హెడ్ ఒక ఫైలు నుంచి మరో ఫైలుకు కదలడానికే సమయం పోయేది. ఎస్ఎస్‌డీలో కదిలే భాగమే లేదు కాబట్టి తలంబ్రాల ఘట్టాన్ని ఎన్నిసార్లు ముందుకూ వెనక్కూ జరిపినా దృశ్యం ఆగడం లేదు.

మన్నిక విషయం వివరంగా చెప్పుకోవాలి. ఫ్లాష్ మెమరీలో ప్రతి సెల్ విద్యుదావేశాన్ని పట్టి ఉంచి సమాచారాన్ని నిలుపుతుంది. చెరిపి రాసిన ప్రతిసారీ ఆ సెల్‌లోని ఇన్సులేషన్ పొర కొద్దికొద్దిగా అరుగుతుంది. అందుకే వారంటీని అయిదేళ్లు లేదా 600 టెరాబైట్ల రాత, ఏది ముందైతే అంతవరకు అని నిర్ణయించారు. రోజుకు 200 గిగాబైట్లు రాసినా ఆ పరిమితి చేరడానికి ఎనిమిదేళ్లు దాటుతుంది. ముహూర్తాలు లేని మూఢాల్లో మా పని ఎలాగూ తగ్గుతుంది కనుక, అరుగుదల గురించి ఏ స్టూడియో వారూ దిగులుపడనక్కరలేదు.

దిగులుపడవలసింది ఎండ గురించి. రాత పరిమితి పూర్తయిన మామూలు ఎస్ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల వద్ద ఒక ఏడాది సమాచారాన్ని నిలపాలన్నది మెమరీ చిప్‌ల ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ నియమం. కొత్త డ్రైవ్ అంతకంటే చాలా ఎక్కువ కాలమే నిలుపుతుంది కానీ, వేడి పెరిగేకొద్దీ సెల్‌లోని ఆవేశం త్వరగా జారిపోతుంది. మే నెలలో 45 డిగ్రీలు తాకే మన జిల్లాలో, పూర్తయిన పెళ్లి ఫైళ్లను ఎస్ఎస్‌డీలో నింపి బీరువాలో పెట్టి ఏళ్ల తరబడి మరచిపోవడం నా దృష్టిలో సరైన పద్ధతి కాదు. వాటికి హార్డ్ డిస్కే మేలు, అదీ రెండు కాపీలు వేర్వేరు చోట్ల.

కరెంటు కోతను కూడా లెక్కలోకి తీసుకోవాలి. సర్వర్లకు వాడే కొన్ని డ్రైవ్‌లలో కరెంటు పోయిన క్షణంలో రాతను ముగించడానికి కెపాసిటర్లు ఉంటాయి. 870 ఈవోలో ఆ ఏర్పాటు లేదు. యూపీఎస్ లేకుండా దీనిపై ఎడిటింగ్ చేయవద్దని తోటి స్టూడియోల వారికి గట్టిగా చెబుతున్నాను. ఇప్పటివరకు ఎంత రాశామో శామ్‌సంగ్ మెజీషియన్ సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది. సీజన్ ముగిశాక ఒకసారి ఆ అంకె చూసుకుంటే చాలు.