మెయిల్ సర్వర్ మార్పిస్తున్నారా? ఫైళ్లు ఎట్లా కాపీ చేస్తారో ముందే అడగండి

మిర్యాలగూడ మిల్లులోళ్లు, నల్గొండ, జడ్చర్ల ఆఫీసులోళ్లు జర చూసుకోండి. సర్వర్లు నడిపే సెంటోస్ 7 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు 2024 జూన్ 30తో అప్‌డేట్లు ఆగిపోయాయి. పాత సర్వర్‌ను ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారుస్తామని వచ్చిన ఒక ఏజెన్సీ పని ఎట్లా చెడగొట్టిందంటే...

మెయిల్ ఫోల్డర్లన్నీ ముందు విండోస్ ల్యాప్‌టాప్‌లోకి దించి, అక్కడి నుంచి కొత్త సర్వర్‌కు ఎక్కించారు. మెయిల్‌డిర్ అంటే సర్వర్ మెయిల్స్ దాచే పద్ధతి, దాంట్లో ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలు. పేరు చివర కోలన్, 2, కామా, ఆ తర్వాత ఎస్ ఉంటే చదివినట్టు, ఆర్ ఉంటే జవాబిచ్చినట్టు. విండోస్ ఫైలు పేరులో కోలన్‌ను ఒప్పుకోదు. కాపీ టూల్ దాని జాగాలో అండర్‌స్కోర్ పెట్టేసింది. ఏళ్ల కిందటి మెయిల్స్ కూడా చదవనట్టే కనబడ్డాయి. పేర్లు మారేసరికి డవ్‌కాట్ (మెయిల్ బాక్సులు చూపించే సర్వర్ ప్రోగ్రామ్) దగ్గరుండే మెయిల్ నంబర్ల లిస్టుతో పొంతన తప్పి అన్నిటికీ కొత్త నంబర్లు పడ్డాయి, అవుట్‌లుక్ మొత్తం మళ్లీ దించుకోవడం మొదలుపెట్టింది. 20 మందికి తలా 8 జీబీ అనుకుంటే 160 జీబీ, అదీ ఒక్క ఆఫీసు లైన్ మీద! వెబ్‌మెయిల్ తెరిచి "మెయిల్స్ వచ్చినయ్ కదా" అని చూపించి బిల్లు మాత్రం తీసుకుపోయారు.

ఫైళ్లు సర్వర్ నుంచి సర్వర్‌కే ఆర్‌సింక్ అనే కాపీ టూల్‌తో పోవాలి. కొత్త దాంట్లో వీమెయిల్ యూజర్‌కు (మెయిల్ ఫైళ్లు ఎవరి పేరు మీద ఉంటాయో ఆ అకౌంట్) పాత యూజర్ నంబరే ఇచ్చి, ఆర్‌సింక్‌లో న్యూమరిక్ ఐడీస్ ఆప్షన్ పెట్టాలి. పాత సర్వర్ నడుస్తుండగా ఒకసారి, దాంట్లో పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపి, తీసుకునే ప్రోగ్రామ్), డవ్‌కాట్ ఆపేశాక రెండోసారి. రెండోసారి డిలీట్ ఆప్షన్ (పాత దాంట్లో లేని ఫైళ్లను కొత్త దాంట్లో తీసేసేది) తప్పదు: మధ్యలో ఎవరన్నా మెయిల్ చదివితే ఫైలు పేరు మారుతుంది, పాత పేరుది కూడా మిగిలి డబుల్ పడుతుంది. కొత్త సర్వర్‌కు మెయిల్స్ రావడం మొదలయ్యాక మాత్రం అదే ఆప్షన్ వాడితే వచ్చినవి తుడిచిపెట్టుకుపోతాయి.

ఐపీ మారుతుంటే పీటీఆర్ రికార్డు (ఐపీ ఏ సర్వర్ పేరుదో చెప్పేది) సంగతి వారం ముందే ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లతో తేల్చుకోండి. డొమైన్ ప్యానెల్లో పెట్టేది కాదది. లేకుంటే జీమెయిల్ మీ మెయిల్స్‌ను 550 5.7.25 అనే ఎర్రర్‌తో తిప్పికొడుతుంది. ఎస్‌పీఎఫ్‌లో (మీ డొమైన్ పేరుతో ఏ ఐపీలు మెయిల్ పంపొచ్చో చెప్పే రికార్డు) కొత్త ఐపీ చేర్చారా, డీకిమ్ కీ (మెయిల్‌పై డిజిటల్ సంతకం పెట్టేది) కొత్త సర్వర్‌కు తెచ్చారా అని కూడా అడగండి.

ఆఖరి పైసలు ఇచ్చేముందు వెబ్‌మెయిల్ కాదు, ఎక్కువ మెయిల్స్ ఉన్న అకౌంటెంట్ అవుట్‌లుక్ తెరిపించండి. చదవని మెయిల్స్ లెక్క మార్పుకు ముందు ఎంతుందో అంతే ఉండాలి. అప్పటిదాకా పాత డిస్కు ఫార్మాట్ చేయనియ్యకండి.