హరికేన్ వెంట ఎనిమిదేళ్ళు: టాంపా నుంచి నా వాడకం రిపోర్టు

మాది విశాఖ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు ఇంట్లోనే ఉన్నాను. పొద్దున్నుంచి కిటికీలు ఊడిపోయేలా కొట్టిన గాలి ఒక్కసారిగా ఆగింది. "హమ్మయ్య, పోయింది" అంటూ అమ్మ తలుపు గడియ తీయబోతే నాన్న ఆపారు. ఆ కాసేపూ తుపాను కన్ను మా మీద ఉంది. తర్వాత గాలి రెండో వైపు నుంచి మొదలైంది. తుపాన్లను గమనించే ఈ పిచ్చి నాకు పట్టింది ఆ రోజే.

2017లో ఉద్యోగం మీద ఫ్లోరిడాలోని టాంపాకు వచ్చాను. సామాన్లు పూర్తిగా విప్పకముందే ఇర్మా హరికేన్ వచ్చింది. అప్పటి నుంచి ఏటా జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా, అంటే ఇక్కడి హరికేన్ సీజన్ మొత్తం, మా ఇంట్లో మూడు తెరలు వెలుగుతూనే ఉంటాయి. తుపాన్లను గమనించడానికి ఇన్నేళ్ళలో వాడిన మ్యాపులూ పేజీలూ యాపుల్లో ఏది పనికొచ్చింది, ఏది నిద్ర మాత్రమే పాడు చేసింది అన్నది రాస్తున్నాను. కొత్తగా ఈ తీరానికి వచ్చే మనవాళ్ళకు పనికొస్తుంది.

అందరూ ముందు చూసేది కోన్ మ్యాప్, అంటే తుపాను పోయే దారిని శంఖువు ఆకారంలో చూపే బొమ్మ. మయామిలోని నేషనల్ హరికేన్ సెంటర్ రోజుకు నాలుగుసార్లు, ఇక్కడి గడియారం ప్రకారం 5 గంటలకూ 11 గంటలకూ, కొత్తది ఇస్తుంది. తీరానికి హెచ్చరికలు పెట్టాక మధ్యలో ఇంకో బులెటిన్ కూడా వస్తుంది. గత ఐదేళ్ళ అంచనాల్లో తప్పు ఎంత వచ్చిందో లెక్కేసి, మూడింట రెండు వంతులు లోపల పడేలా ఆ కోన్ గీస్తారు. అంటే మిగిలిన ఒక వంతు బయటికి పోవడం మామూలే. పైగా అది తుపాను కేంద్రం ఎటు పోవచ్చో చెబుతుంది తప్ప తుపాను ఎంత పెద్దదో చెప్పదు. ఈ ముక్క ఆ మ్యాప్ మీదే రాసి ఉంటుంది. నేను చదివింది నాలుగో ఏట.

ఇర్మాకు దారి చూపే గీత మొదట మయామి వైపు ఉంటే "మనకేం లేదు" అనుకున్నాను. గీత పడమటికి, మా వైపు జరిగేసరికి కంగారుపడి రాత్రికి రాత్రి అట్లాంటాకు బయల్దేరాం. ఏడు గంటల దారి. ఫ్లోరిడాలో సగం మంది అదే రోడ్డు మీద ఉన్నట్టుంది, రెట్టింపు కంటే ఎక్కువే పట్టింది. తీరా అక్కడికి చేరితే, అట్లాంటా చరిత్రలోనే మొదటిసారి ట్రాపికల్ స్టార్మ్ హెచ్చరిక వచ్చింది, కరెంటు పోయింది. టాంపాలో మా అపార్ట్‌మెంట్‌కి ఏమీ కాలేదు.

కోన్ తప్పు కాదు. దాన్ని జాతకంలా చదివిన నాదే తప్పు. 2022లో ఇయన్ అప్పుడూ అదే కథ. రెండు రోజుల ముందు దాకా గీత మా దగ్గర్లోకి వస్తోంది. తర్వాత దక్షిణానికి జరుగుతూ జరుగుతూ సెప్టెంబర్ 28న కాయో కోస్టా దగ్గర గంటకు 150 మైళ్ళ గాలితో తీరం దాటింది. ఫోర్ట్ మయర్స్ బీచ్‌ని ఉప్పెన ఊడ్చేసింది. ఆ ప్రాంతం కోన్ అంచులో ఉంది కదా అని ధీమాగా ఉన్నవాళ్ళు చాలామంది. అదే రోజు మా టాంపా బేలో నీళ్ళు సముద్రంలోకి లాక్కుపోయి అడుగు బురద తేలింది. జనం దిగి నడిచారు కూడా. దయచేసి అలా చెయ్యకండి, ఆ నీళ్ళు తిరిగొస్తాయి.

నా లెక్కలో అన్నిటికంటే విలువైనది బొమ్మే లేని పేజీ. ప్రతి బులెటిన్‌తో పాటు ఫోర్‌కాస్ట్ డిస్కషన్ అని నాలుగైదు పేరాల మాట వస్తుంది, కింద అంచనా రాసినవాళ్ళ పేరుతో. కంప్యూటర్ అంచనా మోడళ్ళు ఎక్కడ విడిపోతున్నాయి, తమకు ఎంత నమ్మకం ఉంది, ఎందుకు గీతను కొంచెమే జరిపారు అన్నది తిన్నగా చెప్తారు. మొదట్లో సగం అర్థమయ్యేది కాదు. రెండు సీజన్లు చదివాక ఆ పేరాల స్వరం పట్టుబడింది. వాళ్ళు సూటిగా, గట్టిగా మాట్లాడుతున్నారంటే నేను కారులో పెట్రోల్ ఉందో లేదో చూసుకుంటాను.

ఇక అసలు మజా కన్ను, దాని చుట్టూ లేచే మేఘాల గోడ, అంటే ఐవాల్. దీనికి 2024 మిల్టన్‌ను మించినది నేను చూడలేదు. అక్టోబర్ 6న హరికేన్ అయింది, 7 మధ్యాహ్నానికల్లా కేటగిరీ 5, అంటే గాలి వేగాన్ని బట్టి వేసే ఐదు మెట్లలో అన్నిటికంటే పైది. హరికేన్ హంటర్ విమానాలు దాదాపు పది వేల అడుగుల ఎత్తులో కన్ను గుండా పోతూ పీడనం పంపిస్తుంటే నేను ఆఫీసు మీటింగులో కెమెరా ఆపేసి కూర్చున్నాను. ఒక్కో విడతకూ అంకె ఇంకా కిందికి (పీడనం ఎంత తగ్గితే తుపాను అంత బలం). సాయంత్రానికి 897 మిల్లీబార్లు, గాలి గంటకు 180 మైళ్ళు. కన్ను నాలుగు మైళ్ళంత చిన్నది, ఉపగ్రహ చిత్రంలో సూదితో పొడిచినట్టుంది. ఆ విమానాల్లో రెండింటికి కర్మిట్, మిస్ పిగ్గీ అని ముద్దుపేర్లు. వాటి స్థావరం లేక్‌లాండ్, మా ఇంటికి ముప్పావు గంట దూరం.

అంత చిన్న కన్ను ఎక్కువసేపు నిలవదని అనుభవం మీద తెలుస్తుంది. బయట ఇంకో మేఘాల వలయం లేచి, లోపలి గోడకు అందాల్సిన తడి గాలిని తనే తినేస్తుంది. లోపలిది కూలుతుంది, బయటిది మెల్లగా లోపలికి బిగుసుకుంటుంది. దీన్నే ఐవాల్ మార్పిడి అంటారు. మామూలు ఇన్‌ఫ్రారెడ్ చిత్రంలో పైమేఘాలే కనిపిస్తాయి కాబట్టి ఇది తెలియదు. మైక్రోవేవ్ చిత్రంలో మేఘం కింద రెండు వలయాలు స్పష్టంగా కనిపిస్తాయి. చిక్కల్లా ఏమిటంటే ఆ ఉపగ్రహాలు మన నెత్తిమీద ఎప్పుడూ ఉండవు, ఒక చిత్రానికీ ఇంకో చిత్రానికీ గంటల తేడా. 2025 వేసవిలో వీటిలో కొన్నిటి డేటా ఆపేస్తామని ప్రకటించి, గోల అయ్యాక కొనసాగించారు. ఆ వారం నాకు ఇంట్లో పాలు విరిగిపోయినంత దిగులు.

7వ తేదీ అర్ధరాత్రి దాటాక రెండు వలయాల చిత్రం వచ్చింది. నేను ఎగిరి గంతేశాను. మా ఆవిడ నిద్రలోంచి లేచి వచ్చి అడిగింది: "ఏవండీ, ఆ కన్ను సంగతి తర్వాత. మనం ఉండాలా, వెళ్ళాలా?"

నా దగ్గర జవాబు లేదు. మూడు తెరలు, పదహారు ట్యాబులు, జవాబు లేదు. ఐవాల్ మార్పిడితో గాలి వేగం కాస్త తగ్గుతుంది, నిజమే. కానీ గాలి ఎక్కువ దూరం పరుచుకుంటుంది, అప్పుడు అది తోసే నీళ్ళూ ఎక్కువే. కేటగిరీ అంకె తగ్గిందని సంబరపడటానికి లేదు.

ఈ పాఠం రెండు వారాల ముందే హెలీన్ చెప్పింది. సెప్టెంబర్ 26 రాత్రి పెర్రీ దగ్గర తీరం దాటిన ఆ తుపాను కేంద్రం మాకు వంద మైళ్ళకు పైగా దూరంగా, సముద్రంలోనే వెళ్ళింది. కోన్ ప్రకారం మేము బయటే. అయినా టాంపా బేలో రికార్డులు ఎరగని ఉప్పెన వచ్చింది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో షోర్ ఏకర్స్ వైపు ఉండే మా మిత్రుడి ఇంట్లో నడుం దాకా ఉప్పునీళ్ళు. ఆ సాయంత్రం నేను అతనికి ఫోన్ చేసి కేంద్రం పడమటికి జరిగిందని మంచి వార్తలా చెప్పాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కాబట్టి మా ఆవిడ ప్రశ్నకు జవాబు ఇచ్చింది మైక్రోవేవ్ కాదు. ఉప్పెన నీళ్ళు ఎంత రావచ్చో చూపే మ్యాప్, ఎవరెవరు ఖాళీ చేయాలో చెప్పడానికి కౌంటీ (మన జిల్లా లాంటిది) వాళ్ళు అక్షరాలతో గీసిన ఎవాక్యుయేషన్ జోన్. మా ఇల్లు ఏ అక్షరం జోన్‌లో ఉంది, ఈ తుపానుకు ఏ అక్షరాలను ఖాళీ చేయమన్నారు, అంతే. మాది ఖాళీ చేయమన్న జోన్‌లో లేదు, ఉండిపోయాం. మిల్టన్ 9వ తేదీ రాత్రి ఎనిమిదిన్నరకు మాకు దక్షిణాన సియస్టా కీ దగ్గర, కేటగిరీ 3గా తీరం దాటింది. మేము ఉత్తరం వైపు పడ్డాం కాబట్టి గాలి బేలోని నీళ్ళను బయటికే నెట్టింది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 18 అంగుళాలకు పైగా వాన, ట్రాపికానా ఫీల్డ్ స్టేడియం పైకప్పు చినిగి పీలికలైంది. తమాషా ఏమిటంటే మొదటి రోజు గీసిన గీతకూ తీరం దాటిన చోటికీ పెద్ద దూరం లేదు. మధ్యలో నాలుగు రోజులు ప్రతి ఊగిసలాటకూ గుండె పట్టుకున్నది మేమే.

మోడళ్ళ గురించి ఎక్కువ రాయను. రోజుకు నాలుగుసార్లు వస్తాయి, నూడుల్స్ లాంటి గీతలు, చూడటానికి బాగుంటాయి. పది రోజుల తర్వాత టాంపా మునిగినట్టు చూపే ఒక్క బొమ్మను వాట్సాప్‌లో పంపే పెద్దమనుషుల్ని మాత్రం మ్యూట్ చెయ్యండి. హరికేన్ సెంటర్ వాళ్ళే ఐదు రోజులు దాటి గీత గీయరు.

డబ్బు కట్టి వాడే రేడార్ యాప్ ఒకటి ఉంది, పేరు అనవసరం. మా దగ్గర్లోని రస్కిన్ వాతావరణ రేడార్ చిత్రాలు దానిలో చక్కగా కదులుతాయి. మిల్టన్ రాత్రి పదింటికి కరెంటు పోయింది, కాసేపటికి ఫోన్ సిగ్నలూ పోయింది, యాప్ తెల్ల తెర అయిపోయింది. ముప్పై డాలర్ల బ్యాటరీ రేడియో, వాతావరణ శాఖ వాళ్ళ మర గొంతుతో, తెల్లారేదాకా మాట్లాడుతూనే ఉంది. ఐదుకు ఐదు మార్కులు దానికే. డిస్కషన్ పేజీకి నాలుగున్నర, ఉప్పెన మ్యాప్‌కి నాలుగు (ఇంకా త్వరగా ఇస్తే ఐదు), కోన్‌కి మూడు.

విశాఖ నుంచి అమ్మ ఫోన్ చేస్తే ఇదివరకు "మీ ఊరి మీదికే వస్తోందటరా నాన్నా?" అని అడిగేది. ఇప్పుడు "నీళ్ళు ఎన్ని అడుగులట?" అంటోంది. యాప్ చందా ఈ జూన్‌లో మళ్ళీ కట్టాను. రేడార్‌లో కన్ను తిరుగుతుంటే చూడకుండా ఉండలేను, ఏం చెయ్యను.