చివరి రోజులు ఎక్కడ గడవాలి: ఐసీయూ, ఇల్లు, హాస్పిస్... ఏది మేలు?

జబ్బు ఇక నయం కాదని తేలాక ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడేది దీని గురించే. (హాస్పిస్ అంటే చివరి దశలో ఉన్నవారి బాధ తగ్గిస్తూ చూసుకునే కేంద్రం.) కానీ అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది మరొకటుంది: రోగి ఇప్పుడు ఏ దశలో ఉన్నారు?

‘ఈ మనిషి ఏడాదిలోపు చనిపోతే నాకు ఆశ్చర్యం కలుగుతుందా?’ అని వైద్యులు తమను తామే ప్రశ్నించుకునే పద్ధతి ఒకటుంది. అది జోస్యం కాదు, చాలాసార్లు తప్పుతుంది కూడా. జవాబు ‘కలగదు’ అయితే మాత్రం రోగితో మనసు విప్పి మాట్లాడే సమయం వచ్చినట్టే. బరువు తగ్గుతూ పోవడం, పగలు కూడా ఎక్కువసేపు మంచానికే పరిమితం కావడం, మాటిమాటికీ ఆసుపత్రి పాలవడం ఇంట్లోవారికీ కనిపించే గుర్తులు.

ఐసీయూను తీసిపారేయలేం. న్యుమోనియా లాంటిది తగ్గి మనిషి మళ్లీ తేరుకునే అవకాశం ఉంటే అదే సరైన చోటు. క్యాన్సర్ ముదిరి అవయవాలు ఒక్కొక్కటిగా చేతులెత్తేస్తున్నప్పుడు వెంటిలేటర్ మరణాన్ని కాస్త వెనక్కి నెట్టగలదంతే. గొంతులో గొట్టం ఉండగా చివరి మాట కూడా పెగలదు. అయినా చేర్చాలనుకుంటే, ఎన్ని రోజులు చూసి ఆపాలో వైద్యులతో ముందే గడువు మాట్లాడుకోవడం మంచిది.

నా మొగ్గు ఇంటివైపే, కానీ షరతులున్నాయి. నొప్పికి, ఆయాసానికి మార్ఫిన్ అందుబాటులో ఉండాలి. సరైన మోతాదులో ఇస్తే అది ప్రాణం తీయదు. మలబద్ధకం మాత్రం దాదాపు తప్పదు గనుక విరేచనం మందు జతచేయాలి. అర్ధరాత్రి ఫోను ఎత్తే నర్సు ఉండాలి. చూసుకునేవారికీ కంటినిండా నిద్ర దక్కాలి.

ఇంట్లో అందరినీ కలవరపెట్టేది తిండి. ముద్ద దిగడం లేదంటే మనమే కడుపు మాడుస్తున్నామనిపిస్తుంది. నిజానికి శరీరం మూతపడుతున్నప్పుడు ఆకలి దానంతటదే పోతుంది. ఆ దశలో సెలైన్ ఎక్కిస్తే వాపు, గొంతులో కఫం పెరగవచ్చు. తడిపిన మెత్తని బ్రష్‌తో నోరు తుడిచి, పెదవులు ఎండకుండా చూస్తే అదే పెద్ద సేవ. ఊపిరి కాసేపు ఆగి మళ్లీ మొదలవుతుంటే, మోకాళ్లపై ఊదారంగు మచ్చలు తేలితే ఇక మిగిలింది కొన్ని గంటలో, కొద్ది రోజులో. గొంతులో గురగుర వింటే మనకు భయమేస్తుంది. స్పృహ లేని రోగికి అది బాధ కాదనే వైద్యులు భావిస్తారు. పక్కకు తిప్పి పడుకోబెడితే కొంత తగ్గుతుంది.

ఆ షరతులు కుదరకపోతే హాస్పిస్. 1967లో బ్రిటిష్ వైద్యురాలు సిసిలీ సాండర్స్ లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను ప్రారంభించింది నొప్పిని శరీరానికే కాక మనసుకు, కుటుంబానికి కూడా చెందినదిగా చూస్తూ. అక్కడికి వెళ్తే ఆశ వదులుకున్నట్టేనన్న అపోహ ఇంకా పోలేదు. 2010లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవారికి మామూలు చికిత్సతో పాటు ఉపశమన వైద్యం (హాస్పిస్‌లో చేసేలాంటి, బాధ తగ్గించే వైద్యం) తొలినుంచే ఇస్తే మధ్యస్థ ఆయుర్దాయం 11.6 నెలలు, మామూలు చికిత్స మాత్రమే అందినవారికి 8.9 నెలలు.

ఇల్లు అనుకుని ఆఖరి ఘడియల్లో హాస్పిస్‌కు మారినా మాట తప్పినట్టు కాదు. కాకపోతే ఎక్కడ ఉండాలని ఉందో, తన తరఫున నిర్ణయం ఎవరు తీసుకోవాలో రోగిని తెలివిలో ఉండగానే అడిగి కాగితం మీద పెట్టాలి.