ఒంటరిగా లాంగ్ హైక్: జిమ్మా, పరుగా, బరువుతో నడకా? ఏది మేలు?

మొదటిసారి ఒంటరిగా నాలుగైదు రోజుల హైక్‌కి సిద్ధమయ్యేవాళ్లు నన్ను టెంట్ గురించి, బూట్ల గురించి అడుగుతారనుకుంటే పొరపాటే. దాదాపు అందరూ అడిగేది ఒకటే: “ఇంకా మూడు నెలలుంది. జిమ్‌లో చేరాలా, పరుగు మొదలుపెట్టాలా, రోజూ నడిస్తే చాలా?” ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాసేస్తే నయమనిపించింది.

ఈ మూడింటిలో దండగమారిది ఏదీ లేదు. కానీ వీటిని పోల్చేటప్పుడు చాలామంది “ఒక్క రోజులో ఎంత దూరం నడవగలను?” అని లెక్క వేసుకుంటారు. నేను చూసేది వేరు. నిన్నంతా నడిచిన కాళ్లతో, అదే బరువు మళ్లీ భుజానికెత్తుకుని, రెండో రోజు పొద్దున్న మీరు ఎలా బయల్దేరతారు? ఓపిక ఉన్న ఎవరైనా మొదటి రోజు లాక్కొచ్చేస్తారు. అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది.

ముందు పరుగు సంగతి. గుండె, ఊపిరి బలపడటానికి ఇంత తక్కువ టైమ్‌లో ఇంత ఫలితమిచ్చేవి తక్కువే. ముప్పావు గంట పరుగెత్తేవాళ్లకి ఎక్కుడులో ఆయాసం తక్కువ. అయితే ఆ ముప్పావు గంట తర్వాత షూస్ విప్పేస్తాం. హైక్‌లో ఏడెనిమిది గంటలు వాటిలోనే ఉంటాం, వీపున బరువుతో. ఇంకో చిక్కు కూడా ఉంది. ఎన్నడూ పరుగెత్తనివాళ్లకి ఊపిరి కొన్ని వారాల్లోనే అలవాటు పడుతుంది గానీ ఎముకలు, స్నాయువులు అంత తొందరగా గట్టిపడవు. దమ్ము ఉంది కదా అని దూరం పెంచేస్తారు, మోకాలి కింద ముందు ఎముక దగ్గర నొప్పి పట్టుకుంటుంది. ఇప్పటికే పరుగు అలవాటున్నవాళ్లు దాన్ని మానక్కర్లేదు, కొంచెం తగ్గిస్తే చాలు. హైక్ కోసమని కొత్తగా మొదలుపెట్టమని మాత్రం నేను చెప్పను.

జిమ్‌కి ఇంతకంటే ఎక్కువ మార్కులు వేస్తాను. తొడలు, పిరుదులు, నడుము గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. పైగా ఒంటరిగా వెళ్లేవాళ్లకి బ్యాగ్ ఎత్తి వీపుకి తగిలించే తోడు ఉండదు. రోజుకి ఏ పదిసార్లో నేల మీంచి బ్యాగ్ ఎత్తుకోవాలి, బండ మీద కూర్చున్నవాళ్లు దాంతోనే లేవాలి. స్క్వాట్ (బరువుతో కూర్చుని లేవడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీంచి బరువు ఎత్తడం) నేర్పేది సరిగ్గా ఇదే. కానీ జిమ్‌లో ఒకటి దొరకదు. ట్రెడ్‌మిల్‌ని ఎంత ఎత్తుకి లేపినా అది ఎక్కుడు మాత్రమే. దిగుడు ఇచ్చే మెషీన్లు అరుదు.

ఒళ్లు హూనమయ్యేది దిగుడులోనే. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కాబట్టి అందరూ ఎక్కుడుకే భయపడతారు. దిగేటప్పుడు హాయిగా ఉంటుంది. అయితే అప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బిగుసుకుని, ఒంటి బరువుని, బ్యాగ్ బరువుని ప్రతి అడుగులోనూ ఆపుతుంటుంది. ఇలా సాగుతూ పనిచేసినప్పుడే కండరాల్లో సన్నని చిరుగులు ఎక్కువ పడతాయి. నొప్పి వెంటనే తెలియదు. 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది. అంటే మొదటి రోజు ఉత్సాహంగా దిగేసిన పెద్ద వాలు తన బాకీ రెండో రోజో మూడో రోజో వసూలు చేసుకుంటుంది. అప్పటికి మీరు దారి మధ్యలో ఉంటారు.

దీనికి విరుగుడు కూడా ఆ దిగుడులోనే ఉంది. ఒకసారి ఇలా దెబ్బతిని కోలుకున్న కండరం, మళ్లీ అదే పని చేసినప్పుడు చాలా తక్కువ నొస్తుంది. ఈ రక్షణ కొన్ని వారాలపాటు నిలుస్తుంది. అందుకే మెట్లెక్కి ప్రాక్టీస్ చేస్తున్నామని గర్వంగా చెప్పేవాళ్లకి నేనిచ్చే సలహా కాస్త వింతగా ఉంటుంది: లిఫ్టులో పైకి వెళ్లి, బరువుతో మెట్ల మీదుగా దిగి రండి. మొదటి వారం తక్కువ అంతస్తులతో మొదలుపెట్టండి, లేకపోతే మర్నాడు కుర్చీలో కూర్చోవడానికి కూడా గోడ పట్టుకోవాల్సి వస్తుంది. ట్రెక్కింగ్ పోల్స్ (నడకకి వాడే ఊతకర్రలు) మోకాలి మీద ఒత్తిడి తగ్గిస్తాయి. వాటిని వాడే ఉద్దేశం ఉంటే వాలు దిగే ప్రాక్టీస్‌లో ఇప్పటి నుంచే వాడండి.

ఇక బరువుతో నడక. నా మొగ్గు ఎటో ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. పరుగూ జిమ్మూ బయటపెట్టలేని సంగతులన్నీ ఇందులో బయటపడతాయి. హిప్ బెల్ట్ (బ్యాగ్‌కి ఉండే నడుము పట్టీ) బిగించాక భారం నడుము మీద కూర్చుంటోందా, భుజాలకే వేలాడుతోందా? నాలుగో గంటలో ఏ పట్టీ ఎక్కడ ఒరుసుకుంటోంది? పాదాలు వాచాక, దిగుడులో కాలివేళ్లు షూ ముందు భాగానికి కొట్టుకుంటున్నాయా? అలా కొట్టుకుంటే గోళ్లు నల్లబడతాయి. మడమ దగ్గర బొబ్బ ఎక్కడ లేస్తుందో కూడా ఇంటి దగ్గరే తెలిసిపోతుంది.

పలు రోజుల హైక్‌కి మోసే బరువు మన ఒంటి బరువులో ఐదో వంతు దాటకూడదని సాధారణంగా చెబుతారు. 65 కిలోల మనిషికి 13 కిలోలు. ఇద్దరైతే టెంట్ ఒకరు, స్టవ్, వాటర్ ఫిల్టర్ ఇంకొకరు పంచుకుంటారు. ఒంటరివాళ్లకి అన్నీ తమ వీపు మీదే. కాబట్టి గ్రూపుతో వెళ్లొచ్చిన అనుభవాన్ని బట్టి బరువు అంచనా వేసుకోవద్దు. ప్రాక్టీస్‌కి అందులో మూడో వంతుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవచ్చు. బరువు, దూరం, ఎత్తు మూడూ ఒకే వారంలో పెంచకూడదు. బ్యాగ్‌లో బరువు కోసం నీళ్ల బాటిళ్లు పెట్టుకుంటే సులువు. లీటరుకి కిలో లెక్క, మోకాలు మొరాయిస్తే పారబోసేయొచ్చు.

అన్నిటికంటే ముఖ్యం, వరసగా రెండు రోజులు నడవడం. శనివారం పూర్తి బరువుతో ఐదారు గంటలు నడవండి. ఆదివారం అదే బరువుతో కాస్త తక్కువ దూరం. ఆదివారం మొదటి గంట చాలా సంగతులు చెబుతుంది. రెండు కాళ్లూ సమానంగా బిగుసుకుని, నడిచేకొద్దీ వదులైతే దిగులు పడక్కర్లేదు. ఒక్క వైపే, ఒక్క చోటే పొడుస్తూ, నడిచేకొద్దీ పెరిగే నొప్పిని మాత్రం ఓర్చుకోవద్దు. హైక్‌లో మీరు కుంటుతున్నారని వెనకనుంచి చూసి చెప్పేవాళ్లు ఉండరు.

నడక వల్ల చేతికొచ్చేది ఇంకొకటి ఉంది: మీ సొంత వేగం. స్కాట్లాండ్‌కి చెందిన పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది. సుమారు 5 కిలోమీటర్లకి గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. 15 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎక్కుడు ఉంటే నాలుగున్నర గంటలన్నమాట. విశ్రాంతి ఇందులో లేదు, కొత్తవాళ్లు బరువుతో దీన్ని అందుకోవడం కష్టం. మీకు ఆరున్నర పడితే అదే మీ లెక్క. చీకటిపడే వేళకి ఎక్కడుంటారో ఒంటరిగా తేల్చుకోవాలంటే ఆ అంకె చేతిలో ఉండాలి.

బరువుతో నడకకీ లోటుంది, టైమ్ మింగేస్తుంది. వారం మధ్యలో అరగంట నడక పెద్దగా ఏమీ చేయదు. అందుకే సోమవారం నుంచి శుక్రవారం లోపు రెండు రోజులు జిమ్ లేదా మెట్లు, శని ఆదివారాలు బ్యాగ్‌తో నడక, ఇదీ నేను చెప్పే సర్దుబాటు. మోకాళ్లు బలహీనంగా ఉన్నవాళ్లు మొదటి నెల జిమ్‌కే ఇచ్చి, తర్వాత బ్యాగ్ బరువుతో నడవడం మంచిది. సైక్లింగ్, ఈత ఊపిరికి మంచివే, పాదాలకి ఏమీ నేర్పవు. యోగా చేసేవాళ్లు చేసుకోండి.

అన్నిటికంటే బరువైన వారాంతం బయల్దేరడానికి రెండు మూడు వారాల ముందే అయిపోవాలి. చివరి వారం ఒంటికి విశ్రాంతి ఇవ్వండి. ప్రాక్టీస్ వారాంతాల్లో ఒకదాన్ని, మొత్తం సామానుతో, ఒక్కరే, ఒక రాత్రి బయట టెంట్‌లో పడుకునేలా వేసుకోండి. అవసరమైతే అర్ధరాత్రి లేచి ఇంటికొచ్చేయగల చోటు చూసుకోండి. కొత్త చోట మొదటి రాత్రి నిద్ర పలచగానే పడుతుంది. ఆ నిద్రలేమితో మర్నాడు కాళ్లు ఎలా నడుస్తాయో ఏ జిమ్మూ చూపించదు.

మూడు నెలలు కాదు, మూడే వారాలుంటే? కొత్తగా కండ పెంచే టైమ్ లేదు, జిమ్ ఫీజు కట్టకండి. మొదటి రెండు వారాంతాలు బరువుతో నడవండి, వాటిలో దిగుడు తప్పకుండా ఉండాలి. మూడో వారం రెస్ట్. ఆ తర్వాత ప్లాన్‌లో రోజుకి 18 కిలోమీటర్లు రాసుకున్నచోట 12 చేయండి.